కరెంటు బిల్లులో నగర చరిత్ర: జూబ్లీ హిల్స్, ఫిలింనగర్ ప్రాంతాల విద్యుత్ ధరలు, చెల్లింపులు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

హైదరాబాద్ నగరంలో విద్యుత్ సరఫరా చరిత్రను సాధారణంగా ఉత్పత్తి కేంద్రాల చరిత్రగా, సంస్కరణల చరిత్రగా చెప్పడం పరిపాటి. వినియోగదారు చేతికి అందే బిల్లు ఆధారంగా ఆ చరిత్రను చదివితే మరొక పార్శ్వం కనిపిస్తుంది. జూబ్లీ హిల్స్, ఫిలింనగర్ ప్రాంతాలను నేపథ్యంగా తీసుకుని, ధరను ఎవరు నిర్ణయించారు, ఏ ప్రాతిపదికన నిర్ణయించారు, దాన్ని ప్రజలు ఏ మార్గాల్లో చెల్లించారు, అన్యాయం జరిగిందనుకున్నప్పుడు ఎక్కడ మొర పెట్టుకున్నారు అనే నాలుగు ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. న్యాయమైన ధర అనేది యూనిట్‌కు ఇన్ని రూపాయలనే అంకెలో మాత్రమే లేదనీ, మీటరు ఎవరి పేరున, ఎన్ని కుటుంబాలకు ఒకటిగా ఉందనే విషయం మీద కూడా ఆధారపడి ఉందనీ నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: విద్యుత్ ఛార్జీలు, శ్లాబు విధానం, డిస్కం, నియంత్రణ మండలి, ఈసేవ, జూబ్లీ హిల్స్, ఫిలింనగర్, గృహజ్యోతి.

1. ఉపోద్ఘాతం:

శాసనాలు, కైఫీయతులు, దస్తావేజులు చరిత్రకు ఆధారాలైనట్లే రసీదులు, బిల్లులు కూడా ఆధారాలే. పన్ను రసీదు రాజ్యానికీ రైతుకూ ఉన్న సంబంధాన్ని చెబితే, కరెంటు బిల్లు ఆధునిక ప్రభుత్వానికీ పౌరునికీ ఉన్న సంబంధాన్ని చెబుతుంది. నెలనెలా ప్రతి ఇంటి గుమ్మం దాకా వచ్చే ప్రభుత్వ పత్రం ఇదొక్కటే అన్నా అతిశయోక్తి కాదు. ఇందులో వినియోగదారు వర్గం, మంజూరైన లోడు, గత నెల రీడింగు, ఈ నెల రీడింగు, శ్లాబుల వారీ మొత్తం, స్థిర ఛార్జీ, విద్యుత్ సుంకం, పాత బకాయి, గడువు తేదీ ఉంటాయి. వీటిలో ప్రతి పంక్తి వెనుకా ఒక చట్టమో, ఒక ఉద్యమమో, ఒక రాజకీయ నిర్ణయమో ఉంది.

ఈ పరిశీలనకు జూబ్లీ హిల్స్, ఫిలింనగర్ తగిన క్షేత్రాలు. తెలుగు చలనచిత్ర రంగానికి నివాసమైన ఈ కొండల మీద విశాలమైన బంగళాలు, స్టూడియోలు, డబ్బింగ్ థియేటర్లు ఉన్నాయి. వాటిని ఆనుకునే ఫిలింనగర్ బస్తీల్లో లైట్‌బాయ్‌లు, డ్రైవర్లు, సెట్టు పనివారు, ఇళ్ళలో పనిచేసే మహిళలు ఒకటి రెండు గదుల ఇళ్ళలో ఉంటున్నారు. ఇరువురికీ సరఫరా చేసే సంస్థ ఒకటే, ధరల పట్టిక ఒకటే. ఒకే పట్టిక రెండు రకాల బతుకుల మీద ఎలా పనిచేస్తుందో చూడడానికి ఇంతకన్నా అనువైన చోటు అరుదు.

2. హుసేన్ సాగర్ ఒడ్డు నుంచి కొండ మీదికి:

హైదరాబాద్ సంస్థానంలో విద్యుత్తు ప్రభుత్వ శాఖగా మొదలైంది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో హుసేన్ సాగర్ ఒడ్డున బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం వెలసింది. దాని సామర్థ్యం 22.5 మెగావాట్లు. నగరం పెరిగాక అది చాలక, పాతబడి, చివరకు 1995లో నేలమట్టమైంది. నేడు ఆ పరిసరాల్లో ఎన్టీఆర్ గార్డెన్స్, ప్రసాద్స్ ఐమాక్స్ ఉన్నాయి. నగరానికి తొలి వెలుగునిచ్చిన చోట సినిమా తెర లేవడం యాదృచ్ఛికమే అయినా హైదరాబాద్ మారిన తీరుకు అది మంచి సంకేతం.

బ్రిటిష్ పాలనలోని తెలుగు ప్రాంతాల్లో పరిస్థితి వేరు. అక్కడ 1910 నాటి భారత విద్యుత్ చట్టం కింద లైసెన్సు పొందిన సంస్థలు కొన్ని పట్టణాలకు సరఫరా చేసేవి. అంటే సంస్థానంలో వినియోగదారుడు సర్కారుకు చెల్లించేవాడు, కోస్తా పట్టణాల్లో లైసెన్సుదారుకు కూడా చెల్లించేవాడు. స్వాతంత్ర్యానంతరం 1948 నాటి విద్యుత్ సరఫరా చట్టం రాష్ట్రాలలో విద్యుత్ బోర్డులకు దారి వేసింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడగా, 1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పాటైంది. ఉత్పత్తి, ప్రసారం, పంపిణీ, బిల్లు వసూలు అన్నీ ఈ ఒక్క గొడుగు కిందికి వచ్చాయి.

జూబ్లీ హిల్స్ నివాస ప్రాంతంగా రూపుదిద్దుకున్నది ఈ బోర్డు కాలంలోనే. 1960వ దశకంలో చల్లగళ్ళ నరసింహం చొరవతో సహకార గృహనిర్మాణ సంఘం ఈ రాతి గుట్టల మీద ఇళ్ళ స్థలాలు వేసింది. 1976 జనవరి 14న అన్నపూర్ణ స్టూడియోస్ ప్రారంభమైంది. ఆ తరువాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు వచ్చాయి. మద్రాసు నుంచి తెలుగు చిత్ర పరిశ్రమ తరలివచ్చేకొద్దీ ఈ కొండలకు విద్యుత్ అవసరం పెరిగింది. ఫ్లోరులో వెలిగే దీపాలకు, చల్లదనం ఇచ్చే యంత్రాలకు, శబ్దగ్రహణ గదులకు నిలకడైన కరెంటు కావాలి. సరఫరా మీద పూర్తి భరోసా లేకపోవడం వల్లనే జనరేటర్ వ్యాను షూటింగుకు తప్పనిసరి అంగమైంది. పరిశ్రమతో పాటు వచ్చిన శ్రామికులు కొండవాలుల్లో గుడిసెలు వేసుకున్నారు. అవే క్రమంగా బస్తీలయ్యాయి.

ఇదే కాలంలో మరొక నమూనా కూడా తెలుగు నేల మీద రూపొందింది. 1969-70 ప్రాంతంలో దేశంలో ప్రయోగాత్మకంగా ఏర్పడిన గ్రామీణ విద్యుత్ సహకార సంఘాలలో సిరిసిల్ల సంఘం ఒకటి. వినియోగదారులే సభ్యులుగా, పాలకవర్గాన్ని ఎన్నుకునే ఈ సంఘం నేటికీ పంపిణీ చేస్తూనే ఉంది. నేత కార్మికుల పట్టణం తన పంపిణీ సంస్థకు తానే యజమాని కాగా, సహకార సంఘంగా పుట్టిన జూబ్లీ హిల్స్ మాత్రం విద్యుత్తు విషయంలో రాష్ట్ర సంస్థకు వినియోగదారుగానే ఉండిపోయింది. స్థానిక సంస్థ అనే మాటకు ఈ రెండు చోట్లా అర్థం ఒకటి కాదు.

1999 ఫిబ్రవరి 1న బోర్డు రెండుగా విడిపోయి జెన్‌కో, ట్రాన్స్‌కో అయింది. 2000లో పంపిణీ బాధ్యత నాలుగు డిస్కంలకు మారింది. హైదరాబాద్ మధ్య ప్రాంత సంస్థ పరిధిలోకి వచ్చింది. 2014లో రాష్ట్ర విభజన సందర్భంగా ఆ సంస్థ నుంచి అనంతపురం, కర్నూలు జిల్లాలను వేరుచేసి తిరుపతి కేంద్రంగా ఉన్న డిస్కంలో కలిపారు. మిగిలినది తెలంగాణ దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ అయింది. దాని ప్రధాన కార్యాలయం నేటికీ మింట్ కాంపౌండులోనే ఉంది. పేరు మారినా, పరిధి మారినా, జనం నోట అది ‘కరెంటాఫీసు’గానే నిలిచింది.

3. న్యాయమైన ధర – భావ వికాసం:

విద్యుత్తును నిల్వచేసి అమ్మడం కష్టం. అడిగిన క్షణంలో అందించాలి. అందువల్ల వినియోగదారు స్విచ్చి వేయకపోయినా సంస్థ సిద్ధంగా ఉండక తప్పదు. ఈ సిద్ధంగా ఉండడానికి అయ్యే ఖర్చునూ, వాడిన కరెంటుకయ్యే ఖర్చునూ వేరుచేసి వసూలు చేయాలనే ఆలోచనను 1892లో ఇంగ్లండుకు చెందిన ఇంజనీరు జాన్ హాప్కిన్సన్ ప్రతిపాదించాడు. నేటి బిల్లులోని స్థిర ఛార్జీకి మూలం అక్కడ ఉంది. ఇల్లు తాళం వేసి ఊరికి వెళ్ళినా బిల్లు ఎందుకు వస్తుందనే సామాన్యుని ప్రశ్నకు శాస్త్రీయ సమాధానం కూడా అదే.

అయితే ఖర్చు ఎంతో తెలుసుకోవడం ఒకటి, దాన్ని ఎవరు భరించాలో తేల్చడం మరొకటి. 1948 చట్టం లైసెన్సుదారుల లాభానికి సహేతుకమైన పరిమితి విధించింది. బోర్డులకు మాత్రం సామాజిక బాధ్యతనూ ఆర్థిక క్రమశిక్షణనూ ఒకేసారి అప్పగించింది. ఈ రెండింటి మధ్య ఘర్షణ వ్యవసాయ విద్యుత్తులో బయటపడింది. 1980వ దశకం ఆరంభంలో పంపుసెట్లకు మీటరు లెక్క పోయి హార్స్‌పవర్ లెక్క వచ్చింది. ఎన్.టి.రామారావు ప్రభుత్వం దాన్ని హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయలు చేసింది. 2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వై.ఎస్.రాజశేఖరరెడ్డి ఉచిత విద్యుత్ దస్త్రం మీద తొలి సంతకం చేశాడు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత సరఫరా మొదలైంది.

ఈ నిర్ణయాల భారాన్ని రెండు వనరులు మోశాయి. ఒకటి ప్రభుత్వ సబ్సిడీ, రెండవది నగరంలోని పరిశ్రమలు, వాణిజ్య సంస్థలు, ఎక్కువ వాడే గృహాలు చెల్లించే అదనపు ధర. దీన్నే క్రాస్ సబ్సిడీ అంటారు. జూబ్లీ హిల్స్ బంగళా చెల్లించే పది రూపాయల యూనిట్‌లో ఎక్కడో ఒక బావి మోటారు, ఒక బస్తీ బల్బు దాగి ఉన్నాయి. దీన్ని ఔదార్యం అనడం సరికాదు, అన్యాయం అనడమూ సరికాదు. ఇది శాసనం ఆమోదించిన పంపకం. ఆ పంపకం ఎంత, ఎవరి నుంచి ఎవరికి అన్నది బహిరంగంగా తేలాలన్నదే అసలు విషయం.

4. ధర వీధిలోకి వచ్చిన సంవత్సరం:

1990వ దశకం చివరి వరకు ఛార్జీల నిర్ణయం బోర్డుకూ ప్రభుత్వానికీ మధ్య నడిచే వ్యవహారం. హితేన్ భయ్యా కమిటీ సిఫారసులు, ప్రపంచ బ్యాంకు రుణం నేపథ్యంలో 1998 నాటి ఆంధ్రప్రదేశ్ విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. దాని ప్రకారం 1999లో విద్యుత్ నియంత్రణ మండలి ఏర్పడింది. రెడ్‌హిల్స్‌లోని సింగరేణి భవన్ దాని కార్యస్థానమైంది. సంస్థలు తమ వార్షిక ఆదాయ అవసరాలను దాఖలు చేయాలి, వాటిపై అభ్యంతరాలు స్వీకరించాలి, బహిరంగ విచారణ జరపాలి, ఆ తరువాతే ఉత్తర్వు ఇవ్వాలి. సామాన్య వినియోగదారుకు ధర గురించి మాట్లాడే అధికారిక వేదిక మొదటిసారి ఇక్కడ లభించింది.

2000 మేలో వెలువడిన తొలి టారిఫ్ ఉత్తర్వు ఛార్జీలను పెంచింది. గృహ వినియోగదారుల మీద పడిన భారానికి నిరసనగా వామపక్షాలు, కాంగ్రెస్, ప్రజాసంఘాలు నెలల తరబడి ఆందోళన చేశాయి. 2000 ఆగస్టు 28న చలో అసెంబ్లీకి తరలివచ్చిన ప్రదర్శకుల మీద బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. తెలుగునాట విద్యుత్ ఛార్జీల చరిత్రలో ఇది విభజన రేఖ. అప్పటి నుంచి ఏ ప్రభుత్వమూ గృహ ఛార్జీల పెంపును కేవలం లెక్కల విషయంగా చూడలేకపోయింది.

ఇక్కడ గమనించవలసిన వైరుధ్యం ఒకటుంది. విచారణ వేదిక పుట్టిన ఏడాదిలోనే రక్తం చిందింది. వేదిక ఉండడం వేరు, వేదిక మీద చెప్పిన మాట ఫలితాన్ని మార్చగలదన్న నమ్మకం వేరు. వేలాది పుటల నివేదికలను చదివి, అంకెలకు అంకెలతో జవాబు చెప్పగలిగినవారు అప్పుడూ కొద్దిమందే, ఇప్పుడూ కొద్దిమందే. పరిశ్రమల సంఘాలకు న్యాయవాదులు, నిపుణులు ఉంటారు. బస్తీవాసి తరఫున మాట్లాడేది వామపక్ష కార్యకర్తో, స్వచ్ఛంద పరిశీలకుడో. విచారణ నివేదికలు తెలుగులో ఎంత సులభంగా దొరికితే ఈ అంతరం అంత తగ్గుతుంది.

5. శ్లాబుల అంకగణితం:

తెలంగాణలో ఐదేళ్ళ విరామం తరువాత 2022-23 సంవత్సరానికి ఛార్జీలు పెరిగాయి. ఆ ఉత్తర్వు ప్రకారం గృహ వినియోగం మూడు అంచెలుగా ఉంది. నెలకు 100 యూనిట్ల లోపు వాడితే మొదటి 50 యూనిట్లకు 1.95 రూపాయలు, తరువాతి 50కి 3.10 రూపాయలు. 100 దాటి 200 లోపు అయితే మొదటి 100 యూనిట్లకు 3.40, తరువాతి వంద యూనిట్లకు 4.80 రూపాయలు. 200 దాటితే మొదటి 200 యూనిట్లకు 5.10, 201 నుంచి 300 వరకు 7.70, 301 నుంచి 400 వరకు 9, 401 నుంచి 800 వరకు 9.50, ఆపైన 10 రూపాయలు.

ఈ పట్టికలో అంచె మారితే కింది యూనిట్ల ధర కూడా మారిపోతుంది. ఫలితం చూడండి. 200 యూనిట్లకు విద్యుత్ ఛార్జీ 820 రూపాయలు. 201 యూనిట్లకు 1,027 రూపాయల 70 పైసలు. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు. 100 యూనిట్లకు 252 రూపాయల 50 పైసలు కాగా 101 యూనిట్లకు 344 రూపాయల 80 పైసలు. ఇక్కడ ఒక్క యూనిట్‌కు 92 రూపాయల 30 పైసలు పడింది. స్థిర ఛార్జీ, సుంకం ఇందులో కలపలేదు.

900 యూనిట్లు వాడే బంగళాకు ఇదే పట్టిక ప్రకారం 7,490 రూపాయలు అవుతుంది. సగటున యూనిట్‌కు 8.32 రూపాయలు. తక్కువ వాడేవారికి తక్కువ ధర అన్న సూత్రం ఇంతవరకు సక్రమంగానే పనిచేస్తోంది. 2024 అక్టోబరులో నియంత్రణ మండలి గృహ వర్గంలో 800 యూనిట్లు దాటినవారికి మాత్రమే స్థిర ఛార్జీ పెంపును అనుమతించడం కూడా ఈ సూత్రానికి అనుగుణమే.

చిక్కు మరొక చోట ఉంది. బస్తీలో ఒకే మీటరు మీద రెండు అద్దె కుటుంబాలు ఉన్నాయనుకుందాం. ఒక్కొక్కటి 130 యూనిట్లు వాడితే మీటరు 260 చూపుతుంది. దానికి 1,482 రూపాయలు. విడివిడి మీటర్లుంటే ఒక్కో కుటుంబానికి 484 చొప్పున మొత్తం 968 రూపాయలే. ఒకే మీటరు కావడం వల్ల ఆ రెండు పేద కుటుంబాలు 514 రూపాయలు అదనంగా చెల్లిస్తున్నాయి. అదే సమయంలో అంతస్తుకొక మీటరున్న సంపన్న గృహం ప్రతి మీటరునూ తక్కువ అంచెలో ఉంచుకోగలదు. శ్లాబు మనిషి ఆదాయాన్ని చూడదు, కుటుంబాన్నీ చూడదు. అది మీటరును చూస్తుంది.

2024 మార్చి నుంచి అమలులోకి వచ్చిన గృహజ్యోతి పథకం ఈ చిక్కును మరింత స్పష్టం చేసింది. ఆహార భద్రత కార్డు ఉన్న అర్హ కుటుంబానికి 200 యూనిట్ల వరకు బిల్లు సున్నా. అద్దెకున్నవారూ అర్హులే. కానీ పై ఉదాహరణలోని రెండు కుటుంబాలకు విడి మీటర్లుంటే చెల్లించవలసింది ఏమీ ఉండదు. ఉమ్మడి మీటరు 260 చూపినందుకు 1,482 రూపాయలు. పథకం ఉద్దేశించిన లబ్ధిదారు మీటరు లేకపోవడం వల్లనే పథకానికి దూరమవుతున్నాడు. విడి మీటరుకు ఇంటి యజమాని అంగీకారం, ఇంటి పత్రాలు కావాలి. కొండవాలు బస్తీల్లో ఈ రెండూ సులభంగా దొరికేవి కావు.

6. స్టూడియోలు, ఇస్త్రీ దుకాణాలు:

ధరల పట్టికలో స్టూడియో వాణిజ్య వర్గంలోనిది. చిత్రసీమ తనను పరిశ్రమ అని పిలుచుకున్నా, ఫ్లోరులో వెలిగే దీపానికి కర్మాగారపు ధర వర్తించదు. ‘పరిశ్రమ’ అన్న మాటకు వాడుకలో ఒక అర్థం, టారిఫ్ ఉత్తర్వులో మరొక అర్థం. భాషా పరిశోధకులకు కూడా ఇది ఆసక్తికరమైన అంశం. ఒక పదం ఏ వర్గంలో నిర్వచితమైందన్న దాని మీద లక్షల రూపాయలు ఆధారపడతాయి.

ఫిలింనగర్ దారుల్లోని చిన్న దుకాణాలు కూడా వాణిజ్య వర్గంలోనివే. ఇంటి ముందు గదిలో కిరాణా కొట్టు పెట్టుకున్నవారు గృహమా, వాణిజ్యమా అన్న వివాదం తనిఖీల్లో తరచుగా వస్తుంది. కొన్ని వృత్తులకు ప్రభుత్వం మినహాయింపు ఇచ్చింది. 2021 ఏప్రిల్ నుంచి తెలంగాణలో క్షౌరశాలలకు, లాండ్రీలకు, ధోబీ ఘాట్లకు నెలకు 250 యూనిట్ల వరకు ఉచితం. కులవృత్తుల ప్రాతిపదికన ఇచ్చిన ఈ రాయితీ విద్యుత్ ధర ఎంత రాజకీయమైనదో, ఎంత సామాజికమైనదో తెలియజేస్తుంది.

7. చెల్లింపు మార్గాల పరిణామం:

ధర న్యాయమైనదైనా దాన్ని చెల్లించడానికి ఒక రోజు కూలి పోగొట్టుకోవలసి వస్తే అది న్యాయం కాదు. బోర్డు కాలంలో రీడింగు తీసినవారు ఒకరు, బిల్లు తయారైన చోటు మరొకటి, డబ్బు కట్టే కౌంటరు వేరొకటి. గడువు చివరి రోజుల్లో కౌంటర్ల ముందు బారులు తీరిన జనం ఆ తరం జ్ఞాపకాల్లో భాగం. జీతగాళ్ళ ఇళ్ళలో నౌకరో, పెద్దవాళ్ళో వెళ్ళి నిలబడేవారు. కూలీల ఇళ్ళలో మనిషి పని మానుకుని వెళ్ళవలసి వచ్చేది. స్పాట్ బిల్లింగు యంత్రం వచ్చాక రీడింగు, బిల్లు ఇంటి ముందే ఒకేసారి పూర్తయ్యాయి. లెక్కలో తప్పుంటే అక్కడికక్కడే అడిగే వీలు కలిగింది.

ఈ పరిణామంలో జూబ్లీ హిల్స్ పొరుగుకు ప్రత్యేక స్థానం ఉంది. వివిధ శాఖల సేవలను ఒకే కిటికీ దగ్గర అందించే ట్విన్స్ ప్రయోగం 1999 డిసెంబరులో బంజారా హిల్స్‌లో మొదలైంది. విద్యుత్ బిల్లు, నీటి బిల్లు, ఆస్తిపన్ను వంటివి ఒకేచోట చెల్లించే అవకాశం దాని ద్వారా వచ్చింది. 2001 ఆగస్టు 25న అది ఈసేవగా విస్తరించింది. 2011 నుంచి మీసేవ వచ్చింది. ప్రయోగానికి ఎంచుకున్న ప్రాంతం సంపన్నులదే అయినా దాని ఫలితం మాత్రం క్యూలో ఎక్కువ సమయం పోగొట్టుకున్న పేదలకు ఎక్కువగా అందింది.

సెల్‌ఫోను తరువాతి దశ. డిస్కం వెబ్‌సైటు, యాప్, ఆపై ప్రైవేటు చెల్లింపు యాప్‌లు వచ్చాయి. 2024 జూలై 1న రిజర్వు బ్యాంకు నిబంధనల కారణంగా ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎం వంటి వాటి ద్వారా చెల్లింపులు నిలిచిపోయాయి. తమ వెబ్‌సైటు, యాప్ ద్వారానే చెల్లించాలని డిస్కం వినియోగదారులను కోరింది. భారత్ బిల్ చెల్లింపు వ్యవస్థ ద్వారా ఆ సేవలు తరువాత తిరిగి మొదలయ్యాయి. కొద్దికాలపు అంతరాయమే అయినా అది ఒక పాఠం నేర్పింది. చెల్లింపు మార్గం మూడో పక్షం చేతిలో ఉన్నప్పుడు, ఆ మార్గం మూసుకుపోతే గడువు మాత్రం ఆగదు. నగదు కౌంటరును పాతకాలపు అవశేషంగా భావించి తొలగించరాదనడానికి ఇదొక కారణం.

కరోనా కాలం మరొక పరీక్ష. 2020 వేసవిలో రీడింగులు ఆగిపోవడంతో గత ఏడాది అదే నెల బిల్లు ఆధారంగా వసూలు చేశారు. జూన్‌లో మూడు నెలల రీడింగు కలిపి తీసి సగటు కట్టారు. అప్పటి ధరలతో ఒక లెక్క చూద్దాం. ఒక కుటుంబం మూడు నెలల్లో వరుసగా 150, 200, 280 యూనిట్లు వాడిందనుకుంటే నెలవారీ బిల్లుల మొత్తం 2,881 రూపాయలు. సగటు 210 అయినందున మూడు నెలలూ పై అంచెలోకి వెళ్ళి 3,216 రూపాయలు అవుతుంది. తేడా 335. 180, 180, 230 వాడిన కుటుంబానికి సగటు 200 లోపే ఉండి లాభం కలుగుతుంది. సగటు అందరికీ నష్టం చేయలేదు, అందరికీ న్యాయమూ చేయలేదు. ఎవరికి ఏది జరిగిందో ఇంటింటికీ చెప్పే విధానం లేకపోవడమే అప్పటి ఆందోళనకు మూలం.

8. మొర పెట్టుకునే హక్కు:

వాడుకలో సరఫరా నిలిపివేతను ‘ఫ్యూజు పీకడం’ అంటారు. ఈ మాటలోని దౌర్జన్య ధ్వని ఊరికే రాలేదు. 1910 చట్టం ప్రకారం బకాయి ఉంటే ఏడు రోజుల లిఖితపూర్వక నోటీసుతో సరఫరా నిలిపివేయవచ్చు. 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షను దాన్ని పదిహేను రోజులు చేసింది. అంతేకాక, బిల్లు మీద వివాదం ఉన్నప్పుడు అడిగిన మొత్తాన్ని గానీ, గత ఆరు నెలల సగటును గానీ, ఏది తక్కువైతే అది నిరసనతో చెల్లిస్తే వివాదం తేలేవరకు సరఫరా నిలిపివేయరాదని చెప్పింది. బకాయిగా వరుసగా చూపకుండా ఉంచిన పాత మొత్తాన్ని రెండేళ్ళు దాటాక వసూలు చేయరాదని కూడా అదే సెక్షను నిర్దేశించింది.

42వ సెక్షను ప్రతి డిస్కం వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికను నెలకొల్పాలని, దాని నిర్ణయం నచ్చకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చని చెప్పింది. 57వ సెక్షను సేవా ప్రమాణాలు తప్పిన సంస్థ నష్టపరిహారం చెల్లించాలంది. 65వ సెక్షను ప్రకారం ప్రభుత్వం ఎవరికైనా రాయితీ ఇవ్వదలచుకుంటే ఆ మొత్తాన్ని ముందుగానే సంస్థకు చెల్లించాలి. చట్టం మాట ఇంత స్పష్టంగా ఉన్నా బిల్లు అందుకున్న మనిషికి ఇవి తెలియడం అరుదు. గడువు తేదీ అందరికీ తెలుసు, పదిహేను రోజుల నోటీసు కొందరికే తెలుసు. హక్కుకూ బాధ్యతకూ మధ్య ఉన్న ఈ సమాచార అసమానత ధరలోని అసమానతకన్నా చిన్నది కాదు.

అద్దెదారు స్థితి ఇక్కడ మరింత బలహీనం. కనెక్షను యజమాని పేరున ఉంటుంది. వినియోగ డిపాజిట్‌పై వచ్చే వడ్డీ యజమాని ఖాతాలో సర్దుబాటవుతుంది. పాత సంవత్సరాల వినియోగానికి సర్దుబాటు ఛార్జీలు వేసిన సందర్భాల్లో, వాడినవారు ఇల్లు మారిపోగా, ఆ ఇంట్లో కొత్తగా చేరినవారు చెల్లించవలసి వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో ఇంధన సర్దుబాటు ఛార్జీల మీద వచ్చిన వ్యతిరేకతకు ఇదొక ప్రధాన కారణం.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

ఒకటి, నిజాం కాలపు శాఖ నుంచి నేటి డిస్కం వరకు సంస్థల రూపం ఎన్నిసార్లు మారినా, ధరను నిర్ణయించే ప్రక్రియలో వినియోగదారుకు అధికారిక స్థానం లభించింది 1999 తరువాతనే. ఆ స్థానానికి విలువ తెచ్చింది విచారణ గది ఒక్కటే కాదు, బషీర్‌బాగ్ వీధి కూడా.

రెండు, శ్లాబు విధానం సూత్రరీత్యా సమన్యాయం వైపు మొగ్గినదే. కానీ అది మీటరును కుటుంబంగా భావించడం వల్ల ఉమ్మడి మీటరు మీద బతికే అద్దె కుటుంబాలకు అన్యాయం జరుగుతోంది. ఉచిత పథకాలు వచ్చాక ఈ అన్యాయం తగ్గక పెరిగింది.

మూడు, చెల్లింపు మార్గాలు పెరిగేకొద్దీ శ్రమ తగ్గింది. అయితే ప్రతి కొత్త మార్గమూ పాత మార్గాన్ని మూసివేయకుండా దానికి తోడుగా ఉన్నప్పుడే పేదలకు మేలు.

నాలుగు, చట్టంలోని రక్షణలు బిల్లు మీద, బిల్లు భాషలో, గడువు తేదీ పక్కనే కనిపించనంత కాలం అవి గ్రంథస్థ హక్కులుగానే మిగులుతాయి.

జూబ్లీ హిల్స్ కొండ మీద ఒక్కో అంతస్తుకు ఒక్కో మీటరు, కొండవాలులో రెండు కుటుంబాలకు కలిపి ఒక మీటరు. విద్యుత్ ధరల సంస్కరణ యూనిట్ రేటు దగ్గర ఆగిపోకుండా ఈ మీటర్ల లెక్క దాకా రావాలి. అద్దె కుటుంబానికి విడి మీటరు పొందే మార్గం సులభం చేయడం, అంతవరకు ఉమ్మడి మీటరు మీదున్న కుటుంబాల సంఖ్యను బట్టి శ్లాబును విభజించడం సాధ్యాసాధ్యాలు తేల్చవలసిన ప్రతిపాదనలు. ఇలాంటి మీటర్లు నగరంలో ఏ బస్తీలో ఎన్ని ఉన్నాయో క్షేత్రస్థాయిలో లెక్కించే పరిశోధన ఇందుకు తొలి అడుగు కాగలదు.